ఓడల యజమాని ఆర్మూరు వచ్చిన రోజు

మా మేడ ఎక్కి చూస్తే ఒకవైపు రాళ్లగుట్ట, ఒకవైపు పసుపు చేలు, ఇంకోవైపు హైవే మీద లారీలు కనిపిస్తాయి. సముద్రం మాత్రం ఏ వైపూ కనిపించదు. అయినా నా ఉద్యోగమంతా ఓడలతోనే గడిచిపోయింది. ఈ మధ్య మర్చంట్ నేవీ కోర్సుల్లో చేరుతున్న మన జిల్లా పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "సార్, ఓడ మీద పనంటే సమజైతది. గా మేనేజిమెంట్ ఆఫీసుల కూసొని మీరేం జేసెటోళ్లు?" అని అడుగుతారు. ఎంత చెప్పినా వాళ్ల ముఖాల్లో అనుమానం పోదు. అందుకే నా కొలువులో ఒకరోజు జరిగిన సంగతి రాసిపెడుతున్నాను. ఆ పని ఏమిటో అందులోనే తెలుస్తుంది.

ఓడ కొన్నవాళ్లు చాలామంది దాన్ని సొంతంగా నడపరు. మనుషుల్ని ఎంచి ఓడ ఎక్కించడం, సామాన్లు, విడిభాగాలు తెప్పించడం, మరమ్మతులు చేయించడం, ప్రతి రేవులో తనిఖీకి వచ్చే అధికారులకు జవాబు చెప్పడం, ఇదంతా చూసుకోవడానికి ఒక నిర్వహణ సంస్థను పెట్టుకుంటారు. నేను చాలా ఏళ్లు ఓడ ఇంజన్ గదిలో చెమటోడ్చి, చీఫ్ ఇంజనీరునయ్యాక, ముంబైలో అలాంటి ఒక సంస్థలో సూపరింటెండెంటుగా చేరాను. కొన్ని ఓడల్ని నాకు అప్పగించారు. అవి ప్రపంచంలో ఏ మూల తిరుగుతున్నా వాటి మంచీచెడూ నాది. మా బాపు ఊళ్లోవాళ్లకు దీన్నే తన పద్ధతిలో చెప్పేవాడు: "మావోడు మంది ఓడలకు కావలి ఉంటడు." మంది అంటే పరాయివాళ్లు. అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయింది. మొబైల్ ఫోన్లు అప్పటికి మా వైపు బాగానే వచ్చేశాయి. పసుపు తవ్వి ఉడకబెట్టే రోజులు. బాపుకు మోకాళ్ల నొప్పులు ఎక్కువై పొలం దగ్గర నిలబడలేకపోతున్నాడని సెలవు పెట్టి ఆర్మూరు వచ్చాను. వచ్చిన రెండో రోజో మూడో రోజో ముంబై నుంచి మా డైరెక్టర్ ఫోన్ చేశాడు.

"రేపు మీ ఊరికి ఒక అతిథి వస్తున్నాడు. ఓడల యజమాని" అన్నాడు.

"మా ఊరికా?" అన్నాను. ఆర్మూరుకు పసుపు కొనేవాళ్లు వస్తారు, విత్తనాల కంపెనీలవాళ్లు వస్తారు. ఓడల యజమాని రావడం ఎప్పుడూ వినలేదు.

ఆయన ముంబైలో స్థిరపడిన గుజరాతీ పెద్దమనిషి. సరుకు మోసే పెద్ద ఓడలు రెండు ఉన్నాయి. కొన్నేళ్లలోనే మూడు నిర్వహణ సంస్థల్ని మార్చాడు. చివరి సంస్థ ప్రతి నెలా ఆయనకు ఓడ ఫొటోలు పంపేది. కొత్త రంగుతో, కడిగిన డెక్కుతో ఓడ పెళ్లికూతురిలా ఉండేది. ఒక విదేశీ రేవులో తనిఖీ అధికారులు ఓడ ఎక్కి, ప్రాణాలు కాపాడే బోటును నీళ్లలోకి దించి చూపించమన్నారు. అది దిగలేదు. రంగు కింద కొక్కాలు తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉన్నాయి. అధికారులు ఓడను అక్కడే ఆపేశారు. ఆ వార్త ఆయనకు తన సంస్థ నుంచి కాదు, పక్క ఓడ యజమాని నుంచి తెలిసింది.

ఈసారి ఏళ్ల తరబడి ఉండే సంస్థను ఎంచుకుందామని ఆయన నాలుగైదు ఆఫీసులు తిరిగాడు. మా డైరెక్టర్ గోడ మీద తెర దించి బొమ్మలు, గీతలు అన్నీ చూపించాడట. ఆయన ఓపిగ్గా చూసి, "ఇదంతా అందరూ చూపించారు. నా ఓడల్ని చూసే మనిషెవరు? ఆయన్ని చూడాలి" అన్నాడట. సెలవులో ఉన్నాడంటే, "హైదరాబాదులో మావాళ్ల పెళ్లి ఉంది. అక్కడి నుంచి కారులో వెళ్తాను" అని తేల్చేశాడు.

మా డైరెక్టర్ మంచివాడే. కంగారు మాత్రం ఎక్కువ. ఫోనులో నాకు జాగ్రత్తలు చెప్పాడు. మన ఓడలన్నీ బ్రహ్మాండంగా నడుస్తున్నాయని చెప్పాలి. ఆయన ఉన్నంతసేపూ ఫోను సైలెంటులో పెట్టాలి. "మీ దగ్గర ఏదో ఊరి కోడికూర చాలా ప్రసిద్ధి అట కదా, అది పెట్టించు" అన్నాడు. నేను అంకాపూర్‌లో నాటుకోడి కూర చెప్పి పెట్టాను.

మర్నాడు పొద్దెక్కకముందే తెల్లకారు మా పొలం గట్టు దగ్గర ఆగింది. దిగినాయన నేననుకున్న మనిషిలా లేడు. మామూలు చొక్కా, కాళ్లకు చెప్పులు, చేతిలో ఒక నీళ్ల సీసా. బాపు మంచం మీద నుంచి మెడ చాచి చూసి నా చెవిలో అన్నాడు:

"గీయననా ఓడల మాలిక్? గింత సాదాగున్నడు. ఓడలుంటే కార్ల ఎందుకొచ్చిండు?"

"ఆర్మూరుకు ఓడ రాదు గదా బాపూ" అన్నాను.

"గది సుత నిజమే" అని లేచి, తనకొచ్చిన ఉర్దూలో ఆయన్ని పలకరించాడు. ఆయన గుజరాతీ యాస హిందీకి, మా బాపు తెలంగాణ ఉర్దూకు ఎక్కడో ఒకచోట కలిసింది. ఇద్దరూ మంచం మీద కూర్చుని పసుపు గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. మా కల్లంలో ఆ రోజు కిరాయికి తెచ్చిన ఆవిరి బాయిలర్ నడుస్తోంది. ట్రాక్టరు వెనక కట్టి తెచ్చుకునే రకం. డ్రమ్ముల్లో పసుపు కొమ్ములు ఉడుకుతుంటే ఆ ఘాటు కళ్లలోకి కొడుతోంది. ఆయన కళ్లు తుడుచుకుంటూనే బాయిలర్ చుట్టూ తిరిగి చూశాడు.

"ఇక్కడ కూడా నీకు ఆవిరేనా?" అని నవ్వాడు. నాకు కాస్త ధైర్యం వచ్చింది.

భోజనాల వేళ నాకు మొదటి దెబ్బ తగిలింది. అంకాపూర్ నుంచి వచ్చిన గిన్నె మూత తీయగానే ఆయన మర్యాదగా వెనక్కి జరిగాడు. పుట్టినప్పటి నుంచీ శాకాహారి. ఆ మాట మా డైరెక్టర్ అడగలేదు, నేనూ అడగలేదు. మా అమ్మ గబగబా పప్పు చేసి, జొన్నరొట్టెలు కాల్చి పెట్టింది. కోడికూర కారు డ్రైవరు, పసుపు ఉడకబెట్టేవాళ్లు పంచుకున్నారు. ఆ పూట మా కల్లంలో పని కొంచెం నెమ్మదించిందని బాపు చాలా కాలం గుర్తుచేసేవాడు.

అతిథి రెండో రొట్టె తుంచుతుండగా నా జేబులో ఫోను వణికింది. తీసి చూస్తే ఉపగ్రహం మీదుగా వచ్చే పొడవాటి నంబరు. ఓడ నుంచి. సముద్రం మధ్య నుంచి కెప్టెనో చీఫ్ ఇంజనీరో నేరుగా ఫోన్ చేశాడంటే అది కుశల ప్రశ్నలకు కాదు.

నేను లేచి, చేను వైపు నాలుగడుగులు వేశాను. డైరెక్టర్ చెప్పిన మాట గుర్తుంది. వెనక్కి చూస్తే ఆయన తినడం ఆపి నన్నే చూస్తున్నాడు. ఆ చూపులో కోపం లేదు. ఇలా పక్కకు వెళ్లిపోయిన మనుషుల్ని చాలామందిని చూసినవాడి అలసట ఉంది. ఆయన ఇంత దూరం వచ్చింది ఈ పని చూడటానికే కదా అనిపించింది. తిరిగొచ్చి ఆయన ఎదురుగానే కూర్చుని ఫోనెత్తాను. స్పీకరు నొక్కాను.

చీఫ్ ఇంజనీరు కేరళ మనిషి. ఎంత గాలివానలోనూ గొంతు పెంచడు. "సార్, ఇంజన్ ఆపాం" అన్నాడు హిందీలో.

"ఏమైంది?"

"ఇంజన్ నూనెలో నీళ్లు కలిశాయి. పొద్దున నమూనా తీస్తే పాల చాయ్‌లా ఉంది."

చదివే పిల్లల కోసం ఒక్క మాట. ఓడ ఇంజన్ మూడంతస్తుల ఇల్లంత ఉంటుంది. దాని బేరింగుల మధ్య పల్చటి నూనె పొర ఉంటేనే అది తిరుగుతుంది. నూనెలో నీళ్లు చేరితే ఆ పొర తెగిపోయి లోహానికి లోహం రాసుకుంటుంది. ఒక్కోసారి ఏమీ కాదు. ఒక్కోసారి ఇంజన్ మొత్తం పాడై, ఓడ నడిసముద్రంలో చెక్కముక్కలా తేలుతుంది.

"నీళ్లు ఎలా వచ్చాయి?" అని అడిగాను.

"సెకండ్ ఇంజనీరు పక్కనే ఉన్నాడు, ఆయనే చెప్తాడు" అని ఫోను అందించాడు.

సెకండ్ ఇంజనీరు కుర్రవాడేం కాదు, ఇద్దరు పిల్లల తండ్రి. ఆ ఓడ మీదికే నాలుగోసారి వెళ్లాడు. "నాదే తప్పు సార్. నూనెలోంచి నీళ్లను వేరుచేసే యంత్రాన్ని నిన్న విప్పి కడిగాను. తిరిగి బిగించేటప్పుడు లోపలి పళ్లెం ఒకటి తప్పు సైజుది పెట్టాను. ఎక్కడో కొద్దిగా నీళ్లు కారుతున్నాయి. యంత్రం సరిగా ఉంటే అవి బయటికి పోయేవి. ఇప్పుడు నూనెలోనే ఉండిపోయాయి."

"నమూనా తీయమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. రంగు తేడాగా అనిపించింది."

"మంచిపని చేశావు. ఏమన్నా తిన్నావా?"

"లేదు సార్."

"ముందు తిను. తర్వాత చీఫ్‌తో కలిసి నూనె మొత్తం ట్యాంకులోకి మార్చి శుభ్రం చెయ్యండి. కారేచోటు వెతకండి. బేరింగులన్నీ తెరిచి చూడండి. అన్నీ చూశాకే మళ్లీ నడపాలి."

కెప్టెన్ ఫోను తీసుకున్నాడు. సముద్రం ప్రశాంతంగా ఉంది, దగ్గర్లో ఒడ్డు లేదు, అటు వచ్చే ఓడలకు కబురు చేశాం అన్నాడు. తర్వాత అసలు సంగతి చెప్పాడు. రేవులో మాకోసం చోటు సిద్ధంగా ఉంది. ఆగితే ఆ చోటు వేరే ఓడకు పోతుంది. మేం వరుసలో వెనక్కి వెళ్లి, రేవు బయట లంగరేసుకుని కూర్చోవాలి.

"కూర్చుందాం" అన్నాను.

ఫోను పెట్టేసి డైరెక్టర్‌కు చేశాను. ఆయన విన్నాడు. "నెమ్మదిగా నడుపుకుంటూ రేవు దాకా తీసుకెళ్లమను. అక్కడ చూసుకోవచ్చు" అన్నాడు.

"వద్దు సార్. చీఫ్ ఆపాడు, నేను సరే అన్నాను. నడపాలంటే మీరే ఓడకు ఫోన్ చేసి చెప్పండి."

ఆయన గొంతు తగ్గించి అడిగాడు: "ఆయన దగ్గర్లో లేడు కదా?"

"పక్కనే ఉన్నాడు సార్. స్పీకర్ ఆన్‌లో ఉంది."

ఫోను కట్ అయింది. డైరెక్టర్ ఓడకు ఫోన్ చేయలేదు. ఆ ఓడ అసలు యజమానికి తనే ఫోన్ చేసి, ఆలస్యమవుతుందని చెప్పి, రావలసిన తిట్లన్నీ తనే తిన్నాడని తర్వాత తెలిసింది. అందుకే ఆయన్ని మంచివాడే అన్నాను.

ఇదంతా మా బాపు ఆశ్చర్యంగా వింటున్నాడు. "ఏం రా, నువ్వు గీడికెళ్లి ఆపుమంటే గాళ్లు సముద్రం నడుమ ఆపిండ్రా?"

"నేను చెప్పకముందే ఆపిండ్రు బాపూ. నేను అవ్ అన్న, గంతే."

"మరి గీడ పొద్దటి సంది మొత్తుకుంటున్న, గా ట్రాక్టర్ ఎవ్వడు జరుపడేంది?" అని కల్లం వైపు చూసి గట్టిగా అరిచాడు. అందరం నవ్వాం. ఓడల యజమానికి నేను అనువాదం చేసి చెబితే ఆయన కూడా నవ్వాడు. కాని ఆ నవ్వు తొందరగానే ఆగిపోయింది.

"అది నా ఓడైతే?" అన్నాడు. "రేవులో చోటు పోయేది నాకైతే? అప్పుడూ ఆపమనేవాడివా?"

"ఆపమనేవాణ్ణి. వెంటనే మీకు ఫోన్ చేసేవాణ్ణి. అనుమతి అడగడానికి కాదు, విషయం చెప్పడానికి."

"నేను కోప్పడితే?"

"కోప్పడతారు. మర్నాడు మళ్లీ ఫోన్ చేసి ఎంతవరకు వచ్చిందో చెప్తాను."

ఆయన చేయి కడుక్కుని, చేను గట్టు వెంట నడిచాడు. నేను పక్కనే నడిచాను. ఆయనకు అంతుబట్టని విషయం ఒకటుంది. తిరిగొచ్చి అదే అడిగాడు: "ఆ మనిషి తన తప్పు తనే ఎందుకు చెప్పుకున్నాడు? నా ఓడల మీద ఇంతమంది పనిచేశారు. ఇన్నేళ్లలో ఒక్కడు కూడా 'నాదే తప్పు' అనలేదు."

నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర సగమే ఉంది. తప్పు చెప్పినవాణ్ణి మేం తిట్టం, అది నిజమే. కాని అంతకంటే ముందు, వాడు ఆ ఓడను తనది అనుకోవాలి. అది నా చేతిలో పని కాదు. మా ఆఫీసులో మనుషుల్ని ఓడలకు పంపే విభాగం చూసే ఒక మేడమ్ చేతిలో ఉంది.

ఆవిడది విశాఖపట్నం. ఎప్పుడూ సముద్ర ప్రయాణం చేయలేదు. అలలు చూస్తేనే కళ్లు తిరుగుతాయనేది. కాని ఒక ఓడలో పనిచేసి దిగినవాణ్ణి సెలవు కాగానే మళ్లీ అదే ఓడకు పంపాలని పట్టుబట్టేది. ఇంజన్ గదిలో ఏ గొట్టం ఎటుపోతుందో కొత్తవాడికి తెలిసేసరికి దిగే రోజు వస్తుందని ఆవిడ వాదన. ఎవరి ఇంట్లో కాన్పు ఉంది, ఎవరి చెల్లెలి పెళ్లి ఎప్పుడు, అన్నీ ఆవిడకు నోటికి తెలుసు. ఒప్పుకున్న నెలలు నిండగానే బదులు మనిషిని పంపేది. ఒక్కోసారి దాని కోసం మా డైరెక్టర్‌తోనే గొడవపడేది.

"ఆమెతో మాట్లాడాలి" అన్నాడాయన.

ఫోన్ చేశాను. ఎవరు మాట్లాడుతున్నారో చెప్పి స్పీకరులో పెట్టాను. ఆయన నేరుగా అడిగాడు: "నా ఓడల గురించి మీకేం తెలుసు?"

ఆవిడ మొహమాటపడింది. నాతో తెలుగులో, "ఏవండీ, నిజం చెప్పమంటారా?" అంది.

"చెప్పండి" అన్నాను. ఆవిడ నిజం చెప్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఆవిడ హిందీలోకి మారింది. "సార్, మీ ఓడలు దిగినవాళ్లు మా దగ్గరికి ఉద్యోగానికి వస్తుంటారు. మళ్లీ ఆ ఓడలకు మాత్రం పంపొద్దు మేడమ్ అని ముందే చెప్తారు."

ఆయన ముఖం ఎర్రబడింది. "ఎందుకు? జీతం ఆపలేదే నేను."

"జీతం సంగతి కాదు సార్. తాగే నీళ్లు తుప్పు వాసన వస్తాయట. దిగాల్సిన నెల దాటిపోయినా బదులు మనిషి రాడట. ఒకాయన తండ్రి కర్మకు అందలేదు. వంటవాడు ప్రతి ప్రయాణానికీ మారతాడు. అలాంటి చోట ఎవరైనా రోజులు లెక్కపెట్టుకుంటారు గాని ఇంజన్ని చూసుకుంటారా?"

"ఇదంతా నాకెవరూ చెప్పలేదు."

"మీరు ఎవర్ని అడిగారు సార్?"

కల్లంలో బాయిలర్ సీటీ వేసింది. ఆయన నా చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. ఇక అయిపోయిందనుకున్నాను. కొత్త ఓడలు పోతే పోయాయి, ఆవిడ ఉద్యోగానికి ముప్పు రాకుండా చూడాలి అని మనసులో డైరెక్టర్‌తో చెప్పాల్సిన మాటలు కూర్చుకుంటున్నాను. ఆయన "థాంక్యూ బెహన్‌జీ" అని ఫోను నాకిచ్చేశాడు. కారు వైపు నడిచాడు.

వెళ్లిపోతాడనుకున్నాను. కారులోంచి ఇంకో నీళ్ల సీసా తీసుకుని తిరిగొచ్చి మంచం మీదే కూర్చున్నాడు. "ఓడ సంగతి తేలేదాకా ఉంటాను" అన్నాడు.

"ఉండనీయ్, మల్ల చాయ్ పెడ్తది మీ అమ్మ" అన్నాడు బాపు.

మధ్యాహ్నమంతా అక్కడే గడిపాడు. ఉడికిన పసుపును కల్లంలో ఎండకు పరుస్తుంటే చూశాడు. తన చిన్నప్పుడు తండ్రి చిన్న సరుకు పడవలు నడిపిన రోజుల గురించి చెప్పాడు. అప్పుడు పడవలో ఎవరికి జ్వరమొచ్చినా వీళ్ల ఇంటికే కబురొచ్చేదట. "ఓడలు పెద్దవయ్యాయి. కబుర్లు ఆగిపోయాయి" అన్నాడు. ఆ మాట తనకు తానే చెప్పుకున్నట్టుగా ఉంది.

ఎండ తగ్గుతుండగా చీఫ్ మళ్లీ ఫోన్ చేశాడు. నూనె శుభ్రమవుతోంది. నీళ్లు కారే చోటు దొరికింది. బేరింగులన్నీ విప్పి చూశారు. ఒక్క గీత కూడా పడలేదు.

"అంటే, ఆపకపోయినా ఏమీ అయ్యేది కాదా?" అని యజమాని నన్నడిగాడు.

"చెప్పలేను సార్. ఆపబట్టే బాగున్నాయో, ఆపకపోయినా బాగుండేవో, నాకు తెలియదు. ఎవరికీ తెలియదు."

ఆయన మొదటిసారి మనస్ఫూర్తిగా నవ్వాడు. "నా పాత మేనేజర్లయితే ఈపాటికి, మేమే మీ ఇంజన్ కాపాడామని ఉత్తరం రాసేవాళ్లు" అన్నాడు.

వెళ్లేముందు ఆయన ఒక షరతు చెప్పాడు. ఒప్పందం కుదిరితే కొన్నేళ్లపాటు తన ఓడల మీద నుంచి నన్ను మార్చకూడదు. నాకు అప్పుడేమనిపించిందో గాని, నేనూ ఒక షరతు పెట్టాను. ఏడాదికి ఒక్కసారైనా ఆయన తన ఓడ ఎక్కాలి. ముందుగా చెప్పకుండా రావాలి. సిబ్బంది తినే చోట వాళ్లతో కూర్చుని తినాలి.

"నేను శాకాహారిని, మర్చిపోయావా?" అన్నాడు.

"ఈసారి ముందే అడిగి పెట్టుకుంటాం సార్" అన్నాను.

బాపు ఆయనకు ఒక సంచిలో కొత్త పసుపు కట్టించి ఇచ్చాడు. కారు వెళ్లాక, "గీయనతోని జర పదిలం. అడిగిందే అడుగుతడు. గట్లాంటోడు ఇడిచిపెట్టడు" అన్నాడు. అది మెచ్చుకోలో హెచ్చరికో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఒప్పందం మాకే వచ్చింది. డైరెక్టర్ ఆ విషయాన్ని తన తెర మీది బొమ్మల గొప్పగానే ఆఫీసులో చెప్పుకున్నాడు. మేడమ్, నేను ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఊరుకున్నాం.

మొదటి ఏడాది మాత్రం నరకం. ఫొటోల్లో పెళ్లికూతురిలా కనిపించిన ఓడను దగ్గర్నుంచి చూస్తే, ఎక్కడ సుత్తితో తట్టినా పెచ్చులూడేది. మంచినీళ్ల ట్యాంకులు గోకించి రంగు వేయించడంతో మొదలుపెట్టాం. ఇంజన్ కంటే ముందు నీళ్లేమిటని ఆయన అడిగాడు. మేడమ్ చెప్పింది చేస్తున్నాను సార్ అన్నాను. మళ్లీ అడగలేదు. దుబాయిలో పెద్ద కూలీల క్యాంపుల్లో వండి వచ్చిన ఒకాయన, మా పక్క బాల్కొండ మనిషి, మా బాపుకు తెలుసు. ఆయనకు కావలసిన శిక్షణ ఇప్పించి, ఒక ఓడకు వంటమనిషిగా పంపాం. యజమాని చెప్పకుండా ఓడ ఎక్కిన మొదటిసారి ఆ వంటమనిషి చేసిన పచ్చిపులుసు తాగి, నాకు ఫోన్ చేసి అదేమిటని అడిగాడు. పక్కన ఇంజన్ గది కుర్రాళ్లు నవ్వుకుంటున్న చప్పుడు వినబడింది.

మొదట్లో ఆయన రోజూ ఫోన్ చేసేవాడు. తర్వాత వారానికోసారి చేసేవాడు. రెండో ఏడు తిరిగేసరికి పండక్కి చేసేవాడు. చెడ్డ వార్తలు రాలేదని కాదు. జనరేటరు చెడింది, లంగరు గొలుసు తెగింది, ఒక తనిఖీలో మాకు చీవాట్లు కూడా పడ్డాయి. ప్రతిదీ ముందు మా నోటి నుంచే ఆయన విన్నాడు. ఒక్కోసారి కోప్పడ్డాడు కూడా. మేడమ్ మాత్రం ఒకటి గమనించింది. ఆ ఓడల నుంచి దిగినవాళ్లు, "మళ్లీ అక్కడికే పంపండి" అనడం మొదలుపెట్టారు.

నిర్వహణ సంస్థను ఎలా ఎంచుకోవాలని తర్వాత నన్ను కొందరు యజమానులు అడిగారు. వాళ్లందరికీ నేను ఒకటే చెప్పాను. ఆఫీసు చూడకండి, మీ ఓడను చూసే మనిషిని చూడండి. ఆయన ఎన్నేళ్లుంటాడో అడగండి. ఓడ దిగినవాళ్లు మళ్లీ ఎక్కుతున్నారా అని అడగండి. మీతో కాదనగలిగినవాళ్లు ఆ ఆఫీసులో ఒక్కరైనా ఉన్నారో లేదో చూడండి. విన్నవాళ్లు విన్నారు. చాలామంది తక్కువ ఖర్చు ఎక్కడో అక్కడికే వెళ్లారు.

ఆ గుజరాతీ యజమాని రెండు ఓడల్లో పాతదానికి చివరికి కాలం తీరింది. గుజరాత్ తీరంలో ఓడల్ని విరగ్గొట్టే చోటికి అమ్మేశారు. అక్కడ ఒక పద్ధతి ఉంది. పెద్ద పోటు వచ్చే రోజు చూసి, ఓడను దాని సొంత ఇంజన్‌తోనే పూర్తి వేగంతో ఒడ్డు మీదికి ఎక్కిస్తారు. నీళ్లు వెనక్కి తగ్గాక అది బురదలో నిలబడిపోతుంది. ఇక కదలదు.

యజమాని, నేను ఒడ్డున నిలబడి చూశాం. దూరంగా ఓడ మా వైపు తిరిగింది. పొగగొట్టంలోంచి పల్చటి పొగ వచ్చింది. అంత వయసులోనూ ఇంజన్ ఒక్కసారి కూడా తడబడలేదు. ముందుభాగం ఇసుకను చీల్చుకుంటూ పైకెక్కుతుంటే భూమి కాళ్ల కింద అదిరింది. తర్వాత చప్పుడు ఆగిపోయింది. ఆయన తలమీది టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

నీళ్లు తగ్గాక సిబ్బంది తాళ్ల నిచ్చెన మీదుగా ఒక్కొక్కరే దిగి, మోకాళ్ల లోతు బురదలో నడిచి వచ్చారు. కెప్టెన్ వచ్చాడు. వంటమనిషి వచ్చాడు. ఈ ఓడ చీఫ్ ఇంజనీరు మాత్రం రాలేదు. ఆయన తమిళుడు, అదే ఓడ మీద ఏళ్లు గడిపినవాడు. చాలాసేపు చూశాం. యజమానికి కంగారెక్కువై, ఎవరినైనా పైకి పంపుదామంటున్న సమయానికి నిచ్చెన మీద కనిపించాడు.

"ఏమయ్యా, ఏం చేస్తున్నావ్ ఇంతసేపు?" అని యజమాని అడిగాడు.

"కవాటాలన్నీ మూసి, ఇంజన్ గది అడుగంతా తుడిచి వచ్చాను సార్."

"రేపటి నుంచి దాన్ని ముక్కలుగా కోస్తారు కదా!"

చీఫ్‌కు ఆ ప్రశ్న అర్థం కానట్టే ఉంది. "డ్యూటీ దిగుతున్నాం కదా సార్. దిగేటప్పుడు తుడిచే కదా దిగుతాం" అన్నాడు.

సిబ్బంది కోసం వ్యాను నిలబడి ఉంది. మోకాళ్ల దాకా బురదైన ఆ మనిషిని యజమాని వ్యాను ఎక్కనివ్వలేదు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, తన తెల్లకారు ముందు సీటులో కూర్చోబెట్టి, తనే తలుపు వేశాడు.